గోదావరిఖనిలో కదిలే నూనె

రామగుండం స్టేషన్

మే నెలలో రామగుండం వెళ్తున్నానని చెప్పగానే, విశాఖపట్నంలో మా వీధి మందుల షాపాయన ఓఆర్ఎస్ ప్యాకెట్లు పది తీసి నా ముందు పెట్టాడు. "ఎవరైనా చలికాలంలో వెళ్తారు మేడం" అన్నాడు. నిజమే. కానీ నేను వెళ్ళింది ఊరు చూడడానికి కాదు, ఒక బౌలింగ్ లేన్‌కి నూనె పూయడానికి.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. అరవై అడుగుల పొడవున్న నున్నటి చెక్క బాటను లేన్ అంటారు. దాని చివర పది పిన్నులు నిలబెట్టి ఉంటాయి. బరువైన బంతిని దొర్లించి వాటిని పడగొట్టాలి. చూడడానికి వచ్చినవాళ్ళకి తెలియని సంగతి ఏమిటంటే ఆ బాట మీద నూనె ఉంటుంది. మొదటి నలభై అడుగుల దాకా పల్చగా పూసి, చివరి భాగం పొడిగా వదిలేస్తారు. బంతి నూనె మీద జారుతూ వెళ్ళి, పొడి చోటు తగలగానే పట్టు దొరికి మలుపు తిరుగుతుంది. ఆడుతున్నకొద్దీ కొన్ని బంతులు ఆ నూనెను పీల్చేసుకుంటాయి, కొన్ని ముందుకు ఈడ్చుకుపోతాయి. మొదటి ఆటలో ఉన్న బాట మూడో ఆటకి ఉండదు. కంటికి మాత్రం రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

నేను పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేస్తూ పద్దెనిమిదేళ్ళు ఈ ఆట ఆడాను. మణికట్టు పాడయ్యాక ఆడడం మానేసి, పోటీల్లో స్కోరు బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఏప్రిల్‌లో ఒక రోజు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, నా పేరు రాజమల్లు. గోదావరిఖనిల బొగ్గు బాయిల ఫిట్టర్‌గ చేసి రిటైరైన. నా తాన రెండు లేన్లున్నయి. నా బిడ్డ అసొంటి పిల్ల నిరుడు హైదరాబాద్ల పోటీకి పోయి ఓడిపోయి వచ్చింది. మల్ల బంతి ముట్టుకోలే. తప్పు ఆమెది గాదు, నా లేన్లది. నాకు నూనె సంగతి తెల్వదు. మీ నంబరు ఆ పోటీ కాయితం మీద దొరికింది."

ఆ పోటీలో బల్ల దగ్గర కూర్చున్నది నేనే. ఆ పిల్ల ఎవరో గుర్తు రాలేదు. అయినా వస్తానన్నాను. ఆయన "నా లేన్లది తప్పు" అన్న తీరు నన్ను రెండు రోజులు వదల్లేదు.

స్టేషన్ బయట షేరాటోలో నా పక్కన ఒక అవ్వ తునికి పండ్ల గంప పట్టుకుని కూర్చుంది. పసుపు రంగులో గుండ్రంగా ఉన్న ఆ పండును నేనెప్పుడూ తినలేదు. దొప్పెడు ఇరవై రూపాయలు. కొరకగానే తియ్యగా, వెనకాలే కొంచెం వగరుగా ఉంది. నేను గింజ ఏం చెయ్యాలో తెలియక నోట్లోనే ఉంచుకుంటే, ఆమె తన అరచెయ్యి నా మూతి కిందికి చాచి "ఉమ్మెయ్ బిడ్డా, సిగ్గెందుకు" అంది. మా విశాఖలో ఆటోలో పక్కవాళ్ళు ఎక్కడ దిగుతారని అడుగుతారు. ఇక్కడ డ్రైవరు నన్ను వెనక్కి తిరిగి చూసి అడిగిన మొదటి మాట, "మీవోళ్ళది ఏ షిఫ్టు?" అని.

రాజమల్లు గోదాము

బజారు వెనక ఒక పాత ధాన్యం గోదాములో ఉన్నాయి ఆ రెండు లేన్లు. హైదరాబాదులో ఒక మాల్ మూతపడుతుంటే రాజమల్లు గారు కొనుక్కొచ్చి తన చేత్తోనే బిగించారు. అరవై ఆరేళ్ళ మనిషి, సన్నగా ఉంటారు. భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు. అంతకు ముందు బంధువుల పిల్లలు ఆ మాల్‌కి తీసుకెళ్తే, అందరూ ఆట చూస్తుంటే ఈయన వెనక్కి వెళ్ళి పిన్నులు నిలబెట్టే యంత్రం చూస్తూ నిలబడ్డారట.

"ఆ మిషన్ పది పిన్నులను ఎత్తి, తుడిసి, మల్ల అదే జాగల పెడ్తది మేడం. మనిషి గూడ గంత పద్ధతిగ పెట్టడు" అన్నారు.

ఆటకు అరవై రూపాయలు. మొదటి షిఫ్టు దిగినవాళ్ళు మూడున్నరకి స్నానం చేసి వస్తారు, ఆదివారాలు కుటుంబాలు వస్తాయి. వాళ్ళు చెప్పులు విడిచి లోపలికి రావడం చూసి ముందు ఆశ్చర్యపోయాను. బౌలింగ్ బూట్లు పద్నాలుగు జతలే ఉన్నాయట. మిగతావాళ్ళు మేజోళ్ళతో ఆడతారు.

నేను వంగి లేన్ మీద వేలు పెట్టి రాశాను. కరకరమంది, పలక తుడిచినట్టు.

"దీని మీద ఎప్పుడైనా నూనె పూశారా?"

"కొన్నప్పుడు ఉండె. జిడ్డుజిడ్డుగ. సబ్బునీళ్ళతోటి మూడు దినాలు కడిగిన. దినాం తుడుస్త." తువ్వాలు సర్దుకున్నారు. "బాయిల నూనె కారితె మనిషి జారి పడ్తడు మేడం. నలభై ఏండ్లు నూనె తుడుసుడే నా పని. ఈడ నూనె ఉండాలె అని నాకెవరు జెప్పలే."

అప్పుడు విషయం అర్థమైంది. పొడి బాట మీద బంతి మొదటి అడుగు నుంచే తిరిగిపోతుంది. ఇక్కడ నేర్చుకున్నవాళ్ళు బంతిని కుడి అంచుకు దూరంగా విసిరితే, అది పెద్ద వంపు తిరిగి మధ్యకు వస్తుంది. అదే విసురు నూనె ఉన్న బాట మీద విసిరితే బంతి తిరిగి రాదు. నేరుగా బాట అంచునే ఉండే కుడి కాలువలో పడిపోతుంది.

"ఆ పోటీకి వెళ్ళినామె పేరేంటన్నారు?"

"మెర్సీ. రేపు మొదటి షిఫ్టు అయినంక వస్తనన్నది."

నూనె పూసిన మొదటి రోజు, నేను పడిపోయిన సంగతి

నూనె పూసే యంత్రాలు లక్షల్లో ఉంటాయి. రాజమల్లు గారు నేను ఫోన్‌లో చెప్పిన వివరాలతో ఒకటి తయారుచేసి పెట్టారు. చెక్క పెట్టె, దానికి నాలుగు చక్రాలు, అడుగున దళసరి ఉన్ని గుడ్డ చుట్టిన రోలరు, పైన సన్న బెజ్జాల గొట్టం. మధ్యలో బెజ్జాలు దగ్గరదగ్గరగా, అంచుల్లో దూరదూరంగా పెట్టారు. నూనె మధ్యలో ఎక్కువ, పక్కల తక్కువ ఉండాలని నేను చెప్పిన ఒక్క మాటకు ఆయన చేసిన పని అది.

ఇద్దరం కలిసి తోశాం. నలభై అడుగుల దగ్గర ఆపాం. తర్వాత ఎలా ఉందో చూపించబోయి, మేజోళ్ళతో లేన్ మీద అడుగుపెట్టి, రెండు కాళ్ళూ ముందుకు జారి వెల్లకిలా పడ్డాను.

రాజమల్లు గారు పరుగెత్తుకొచ్చి చెయ్యి అందించారు. నాకు దెబ్బ తగల్లేదని తేలాక, చాలా మెల్లగా అన్నారు, "నేను జెప్పిన గద మేడం."

ఆయన భార్య లచ్చక్క మధ్యాహ్నం సర్వపిండి, పచ్చి పులుసు పంపింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకే అద్ది కాల్చే రొట్టె అది. మా వైపు తపాలచెక్కకు అక్క లాంటిది. తింటుంటే కిటికీ అద్దాలు ఒక్కసారి గడగడలాడాయి. నేను పళ్ళెం పట్టుకుని లేచి నిలబడ్డాను. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో రోజూ చేసే పేలుడట. బయట టీ కొట్టు దగ్గర ఒక్కరు కూడా తలెత్తలేదు. ఒకాయన గ్లాసు మీద అరచెయ్యి మూసి పెట్టుకున్నాడు, అంతే.

మూడున్నర అయింది, నాలుగున్నర అయింది. మెర్సీ రాలేదు.

కాలనీ క్వార్టర్

మర్నాడు సాయంత్రం నేనే మెర్సీ ఇంటికి వెళ్ళాను. వరసగా ఒకేలాంటి క్వార్టర్లు, ముందు వేపచెట్లు, ఆకుల మీద సన్నటి నల్లపొడి. మా ఊళ్ళో బట్టలు డాబా మీద ఆరేస్తాం. ఇక్కడ చాలా ఇళ్ళలో లోపలే దండెం కట్టుకుంటారు. ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

తలుపు తీసింది మెర్సీయే; రాజమల్లు గారు పిల్ల అన్న ఆమెకు నలభై దాటి ఉంటాయి. నన్ను చూసి ఒక క్షణం ఆగి, "రాండ్రి మేడం, కూసోండ్రి" అంది. గోడ మీద చర్చి క్యాలెండరు, పక్కన భర్త ఫొటో. ఆయన గుండె ఆగి పోయి ఏడేళ్ళయిందట. ఆయన బదులు కంపెనీ ఆమెకు ఉద్యోగమిచ్చింది. గనిలో దిగేవాళ్ళకి తల దీపాలు ఇచ్చి, పైకి వచ్చాక తీసుకునే గదిలో పని.

"ఒక్క దీపం తిరిగి రాకపోయినా నేను కుర్చీల నుంచి లేవ" అంది టీ ఇస్తూ. "ఇంక ఒకడు కింద ఉన్నడు అన్నట్టు గద."

కొంచెం సేపు అవీ ఇవీ మాట్లాడాం. తర్వాత నేను వచ్చిన పని మొదలుపెట్టాను. నూనె గురించి, బాట మారడం గురించి. ఆమె చివరిదాకా మర్యాదగా విన్నది.

"మీరు నన్ను గుర్తువట్టలేదా మేడం?"

"లేదమ్మా. పోటీకి చాలామంది వస్తారు."

"నాకు మీరు యాదికున్నరు. నాలుగో ఆటల తువ్వాలు కోసమని మీ బల్ల కాడికి వచ్చిన. మీ పక్కన ఇంకొక మేడం ఉండె. మీరు ఆమెతోటి అన్నరు, 'ఈవిడ బంతి వేస్తోందా, బిందె దొర్లిస్తోందా' అని. ఇద్దరు నవ్విన్రు."

అప్పుడు గుర్తొచ్చింది. మనిషి కాదు, ఆ మాట గుర్తొచ్చింది. ఆ రోజు పొద్దుటి నుంచి కూర్చుని విసుగెత్తి, పక్కనావిడను నవ్వించడానికి అన్న మాట. అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. ఎరుపు చుడీదారులో ఒకామె ప్రతి ఆటలోనూ ఒకే చోట నిలబడి వేస్తోందని, కొంచెం జరిగితే చాలని నాకప్పుడే తెలుసు. ఆటకీ ఆటకీ మధ్య విరామంలో ఎవరైనా వెళ్ళి చెప్పవచ్చు. నేను లేవలేదు.

"అన్నాను" అన్నాను. "తప్పు చేశాను మెర్సీ. సరదాకి అన్నానని చెప్పను. మీరు ఎందుకు ఇబ్బంది పడుతున్నారో నాకు తెలిసి కూడా లేచి రాలేదు."

బయట ఎవరో కుళాయి కింద బకెట్ పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఓడిపోయినందుకు నాకు బాధ లేదు మేడం. మొదటి మూడు ఆటలు బంతి కాలువల పడింది. ఎనుక మూడు ఆటలు అదే బంతి మొత్తం అవతలి దిక్కు పోయింది. ఏమయితాందో నాకు సమజ్ గాలె. నా చెయ్యే చెడిపోయింది అనుకున్న. ఇంటికొచ్చినంక రాజమల్లు కాక అడిగిండు, ఎట్లయింది బిడ్డా అని. మీరన్న మాట చెప్పబుద్ధి గాలె. లేన్లు వేరే ఉన్నయి కాకా, మన లేన్ల లెక్క లేవు అని చెప్పిన. ఆయన దాన్ని పట్టుకున్నడు. ఏడాది సంది నా లేన్లతోటే ఆగమయింది పిల్ల అని తిరుగుతాండు."

"అది అబద్ధం కాదు" అన్నాను. "లేన్లు నిజంగానే వేరు. మొదట నూనె ఎక్కువ ఉంది కాబట్టి బంతి తిరగలేదు. తర్వాత బంతులు నూనె తాగేశాయి కాబట్టి ముందే తిరిగింది. మీ చెయ్యి ఆరు ఆటల్లోనూ ఒకలాగే ఉంది. ఆరో ఆట దాకా అలా చెయ్యి నిలబడడం నాకే చేతనయ్యేది కాదు."

ఆమె నా వంక చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. నేను లేచి గుమ్మం దాటుతుంటే మాత్రం అడిగింది, "కాకకు చెప్తరా? బిందె సంగతి?"

"మీరు వద్దంటే చెప్పను."

"వద్దు. ఆయన నిద్ర పోడు."

మూడో రోజు

మూడున్నరకి ఆమె వచ్చింది. తల స్నానం చేసి, జడ ఇంకా తడిగానే ఉంది. చేతిలో సంచి, అందులో రాజమల్లు గారు ఎప్పుడో కొనిచ్చిన పాత బంతి. నూనె పీల్చే రకం. రాజమల్లు గారు ఆమెను చూడగానే వెళ్ళి ఫ్యాను ఆమె వైపు తిప్పారు.

మొదటి మూడు బంతులు కాలువలోకే పోయాయి. నేను ఆమెను కుడివైపు జరిపి, బంతిని అంచుకు కాకుండా బాట మీద గీసి ఉన్న రెండో బాణం గుర్తు మీదుగా వెయ్యమన్నాను. నాలుగోది నూనె మీద నిశ్శబ్దంగా జారుకుంటూ వెళ్ళి, చివర్లో మెల్లగా తిరిగి పిన్నుల మధ్యకు దూరింది. తొమ్మిది పడ్డాయి.

"ఇట్లనా" అంది తనలో తనే.

ప్రతి బంతి తర్వాత దాన్ని తుడవడం నేర్పాను. తుడిచే ముందు దాని ఒంటి మీద నూనె గీత చూడమన్నాను. బాట మీద నూనె కనపడదు కానీ, అది ఎంత ఉందో బంతి మోసుకొస్తుంది. గీత చిక్కగా ఉంటే బాట ఇంకా తడిగా ఉన్నట్టు. పలచబడితే పొడిబారుతున్నట్టు. బంతి ఎటు తప్పితే పాదాలు అటే జరపాలి. బాటంతా పక్కపక్కన అతికిన సన్నటి చెక్క పలకలే కాబట్టి, బంతి పిన్నులకు ఎడమగా పోతే పాదాలు ఎడమకు రెండు పలకలు, చూపు ఒక పలక జరపాలి. ఆటంతా ఇదేనని చెబితే ఆమె నవ్వింది. "గింతేనా? దీనికి ఏడాది ఏడ్సిన్నా?"

రెండో ఆటలో కరెంటు పోయింది. యంత్రం నోట్లో నాలుగు పిన్నులు పెట్టుకుని ఆగిపోయింది. ఆ ఎండలో రేకుల కింద ఫ్యాన్లు లేకుండా ఇరవై నిమిషాలు కూర్చున్నాం. పక్క లేన్‌లో ఆడుతున్న ఇద్దరు గని కార్మికులు, వాళ్ళ వైపు యంత్రం కూడా ఆగిపోవడంతో మాతోపాటే వచ్చి కూర్చున్నారు. ఆ ఎదురుచూపులో నేను మెర్సీని అడిగాను, అసలు ఈ ఆట ఎందుకు పట్టుకున్నారని.

"పొద్దంతా మంది దీపాలే చూస్త మేడం. ఎవడు దిగిండు, ఎవడు రాలే అని. ఈడ బంతి చేతుల పట్టుకున్నంక ఎవరి ఫికరు ఉండది. నేనొక్కదాన్నే ఉంట."

కరెంటు వచ్చినా రెండో యంత్రం కదల్లేదు. రాజమల్లు గారు దాని కిందికి దూరి స్పానరు అడుగుతూ ఉండిపోయారు. దాంతో ఆ ఇద్దరూ మా లేన్‌లోనే వంతుల వారీగా ఆడడం మొదలుపెట్టారు. వాళ్ళవి గోదాములోని ప్లాస్టిక్ బంతులు. నేరుగా మధ్యలోంచి బలంగా విసురుతున్నారు.

మూడో ఆట మధ్యలో మెర్సీ బంతి తిరగడం ఆలస్యమై, పిన్నుల కుడి అంచును తాకి వెళ్ళిపోయింది. మళ్ళీ అలాగే. నేను వెనక నుంచి అన్నాను, "చెయ్యి సరిగ్గా తిప్పడం లేదు. అలసిపోయారు. అక్కడే నిలబడి మళ్ళీ వెయ్యండి."

ఆమె బంతిని తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. తువ్వాలుతో తుడిచింది. తర్వాత నా వైపు తిరిగింది.

"లేదు మేడం. నా చెయ్యి మంచిగనే ఉన్నది. నూనె ముందటికి పోయింది. ఆ అన్నలోళ్ళ బంతులు గుంజుకపోయినయి."

నేను బదులు చెప్పేలోపే ఆమె రెండు పలకలు కుడికి జరిగి నిలబడింది. బంతి వదిలింది. అది చివరిదాకా జారి, ఇక తిరగదు అనుకున్నప్పుడు తిరిగింది. పదీ పడిపోయాయి. ఆ ఇద్దరు కార్మికులు చప్పట్లు కొట్టారు. యంత్రం కింద నుంచి రాజమల్లు గారి గొంతు, "ఏందది? పదా?"

"పది కాకా" అంది మెర్సీ.

నేను పక్కనుంచి నడిచి వెళ్ళి, వంగి, యాభై అడుగుల దగ్గర వేలు పెట్టి చూశాను. పొడిగా కరకరమనాల్సిన చోట వేలు జారింది. పద్దెనిమిదేళ్ళు ఆడిన నేను చూడకుండానే తప్పు ఆమె చేతిది అనేశాను. ఆమె చూసి, కాదంది. తిరిగి వచ్చి ఆ మాటే ఆమెకు చెప్పాను. ఆమె సీసాలో నీళ్ళు నాకు అందించింది.

గోదావరి మీదుగా

నాలుగో రోజు మెర్సీకి రెండో షిఫ్టు. పొద్దున నన్ను నది చూపించడానికి తీసుకెళ్ళింది. వంతెన మీద నిలబడితే కింద ఎండాకాలపు గోదావరి, ఇసుక మధ్య పాయలు పాయలుగా ఉంది. మా రాజమండ్రి దగ్గర చూసిన నదేనా ఇది అనిపించింది. అవతలి ఒడ్డు మంచిర్యాల వైపు. లారీలు పోతుంటే వంతెన వణుకుతోంది. తాటి ముంజలు కొన్నాం, డజను వంద రూపాయలు. ఆమె బొటనవేలితో లాఘవంగా తోలు ఒలిచి ఇస్తుంటే నేను తింటూ కూర్చున్నాను.

"వర్షాకాలంల మల్ల హైదరాబాద్ల పోటీ ఉన్నదట. పేరు ఇచ్చిన" అంది, నది వైపు చూస్తూనే. "కాకకు పొద్దున చెప్పిన. ఆ నూనె పెట్టెకు రంగేస్తాండు."

"మంచి పని చేశారు."

"మీరుంటరా ఆ బల్ల కాడ?"

"ఉంటాను." కొంచెం ఆగి చెప్పాను, "కానీ ఈసారి అక్కడ మీతో ఏమీ మాట్లాడలేను మెర్సీ. మీకు నేర్పించినదాన్ని కదా. ఎటు జరగమని ఒక్క సైగ చేసినా మీ ఆట చెల్లదంటారు."

ఆమె చేతిలోని ముంజ ఒలవడం పూర్తిచేసి నా దొప్పలో వేసింది.

"ఏం చెప్పద్దు అక్కా. ఊకె కూసోండ్రి. నేనే చూసుకుంట జరుగుత."

రెండున్నరకి ఆమె డ్యూటీకి వెళ్ళింది. నా రైలు నాలుగింటికి.